నలుగురికి బగారా అన్నం

ఆ గురువారం పొద్దున చిరంజీవి వేసుకున్న ప్లాను చాలా చిన్నది. మేకలకు మేత వెయ్యాలి, ఖర్జూరం చెట్లకు నీళ్లు పెట్టాలి, సాయంత్రంలోగా వంట నేర్చుకోవాలి. మొదటి రెండూ రోజూ చేసే పనులే. మూడో దాని గురించీ అతనికి పెద్ద బెంగ లేదు. చేతిలో ఫోను ఉంది, ఫోనులో నెట్టు ఉంది, లోకంలో వంట నేర్పేవాళ్లకు కరువు లేదు.

చిరంజీవిది జగిత్యాల దగ్గర ఒక పల్లె. ఖతర్‌లో, దోహాకు ఉత్తరాన ఉమ్ సలాల్‌లో ఒక తోటలో పని చేస్తున్నాడు. తోట యజమాని అబూ జాసిమ్. కాగితాల మీద ఆయన కఫీల్, అంటే వీసా ఇచ్చి పనిలో పెట్టుకున్న మనిషి. ఎదురుగా మాత్రం అందరూ బాబా అంటారు. తోటలో ఇన్నాళ్లూ ఒక మలయాళీ వంటవాడు ఉండేవాడు. కూతురి పెళ్లికని ఊరికి వెళ్లి, అక్కడే హోటల్ తెరిచానని, మీరందరూ తప్పక రావాలని ఫోటో పంపించాడు. ఆనాటి నుంచి తోటలో పొయ్యి వెలగలేదు. పనివాళ్లు ఖుబూస్ రొట్టె, పెరుగు, డబ్బా చేపలతో బతుకుతున్నారు.

బుధవారం అబూ జాసిమ్ వచ్చి, శుక్రవారం నమాజు తర్వాత తన తల్లిని భోజనానికి తీసుకొస్తున్నానని, మొత్తం నలుగురమని, మీలో ఎవరికి వంట తెలుసని అడిగాడు. ప్రశ్న పూర్తి కాకముందే డ్రైవరు రామాంజులు "మాఫీ మాలూమ్ బాబా" అన్నాడు. అంటే తెలియదని. రామాంజులుది రాయచోటి వైపు. కారు నడపడం తప్ప మరే పనీ తనకు తెలియదని అతను గల్ఫ్‌లో దిగిన రోజే ప్రకటించాడు. ఒకసారి వచ్చన్న పని జన్మంతా మెడకు చుట్టుకుంటుందని అతని నమ్మకం.

చిరంజీవి పద్ధతి దీనికి పూర్తిగా తలకిందులు. బయలుదేరే ముందు ఏజెంటు అతన్ని పక్కకు పిలిచి, ఆ దేశంలో ఎవ్వడేమడిగినా తెల్సు అనమని, తెల్వదన్నోడు మర్నాడే రిటర్న్ విమానం ఎక్కుతడని చెప్పాడు. ఆ మంత్రం పుణ్యమా అని చిరంజీవి వెల్డింగ్ తెలుసన్నాడు, జేసీబీ తెలుసన్నాడు, ఒకసారి ఈత కూడా తెలుసన్నాడు. ఈత సంగతిలో మాత్రం ఇద్దరు ఫిలిప్పీన్స్ కుర్రాళ్లు దూకి అతన్ని బయటికి లాగాల్సి వచ్చింది. అయినా మంత్రం మీద నమ్మకం చెక్కుచెదరలేదు. కాబట్టి అబూ జాసిమ్ అతని వైపు తిరిగేసరికి నోరు తనంతట తానే "మాలూమ్ బాబా" అనేసింది.

అబూ జాసిమ్ తృప్తిగా తల ఊపి, సంగతి తేల్చి చెప్పాడు. శుక్రవారం భోజనం బాగుంటే ఇకమీదట తోటకు వంటవాడు చిరంజీవే. బాగాలేకపోతే దోహా నుంచి వంటవాణ్ణి తెస్తాడు. అప్పుడు తోటలో మనిషి ఎక్కువవుతాడు గనక చిరంజీవి అబూ జాసిమ్ బావమరిది కంపెనీకి వెళ్లిపోవాలి. ఫుట్‌బాల్ ప్రపంచ కప్పు ఇంకా రెండు మూడేళ్లు ఉందనగా దేశమంతా తవ్వి పోసి రోడ్లు వేస్తున్న రోజులవి. ఆ కంపెనీ పని కూడా రోడ్లే. గల్ఫ్‌కు వచ్చిన కొత్తలో చిరంజీవి చేసింది ఆ పనే. ఒక ఎండాకాలం తారు మీద కళ్లు తిరిగి పడిపోతే, ఆస్పత్రి నుంచి లేచాక ఎవరో దయతలచి ఈ తోటకు పంపారు. ఇక్కడ అతనికి ఏసీ ఉన్న చిన్న గది ఉంది, చెట్ల నీడ ఉంది, పేరు పెట్టి పిలిస్తే వచ్చే మేకలున్నాయి. ఇవన్నీ వదిలి మళ్లీ ఆ తారు పొగలోకి వెళ్లాలంటే అతనికి నిజంగానే భయం.

అందుకే గురువారం మేకల కొట్టం పక్కన కూర్చుని, వంట రానివాళ్లకు వంట అని యూట్యూబ్‌లో వెతికాడు. మొదట దొరికినావిడ నవ్వుతూ పలకరించి, తమ కొత్త ఫ్రిజ్ చూపించి, అత్తగారి మోకాలి నొప్పి వివరించి, గంట బటన్ నొక్కమని బతిమాలి, ఉల్లిపాయ దగ్గరికి వచ్చేసరికి రెండు మేకలు దడి దాటి పోయాయి. చిరంజీవి వాటిని పట్టుకొచ్చేసరికి ఆవిడ కూర దించేసింది. తర్వాతి ఆయన పెద్ద హోటల్లో వంటవాడట. ఆయన చెప్పిన సామాన్లలో చిరంజీవికి తెలిసింది ఉప్పు ఒక్కటే. దాన్ని కూడా ఆయన ఏదో కొండల్లోంచి తెప్పించాడు. ఇంకో దాంట్లో మాటలే లేవు. రెండు చేతులు ఎంతో మర్యాదగా కూరగాయలు కోస్తుంటే వెనక మెల్లగా సంగీతం వస్తుంది. అది చూస్తూ చిరంజీవి హాయిగా నిద్రపోయాడు. లేచాక దొరికినావిడ అన్నీ తగినంత అంది, కొద్దిగా అంది, రుచికి సరిపడా అంది. తగినంత అంటే ఎంతో తెలిసినవాడు ఈ వీడియో ఎందుకు చూస్తాడని చిరంజీవికి ఒళ్లు మండింది.

అప్పుడు దొరికారు కాలువ గట్టు బావా బామ్మర్దులు. ఊరు పేరు చెప్పలేదు గానీ మాట వింటే తమ జిల్లా వాళ్లేనని చిరంజీవికి తెలిసిపోయింది. లుంగీలు ఎగ్గట్టుకుని, కాలువ గట్టున పొయ్యి పెట్టుకుని వండుతారు. బామ్మర్ది ఉల్లిగడ్డలు కోస్తూ, తన అక్కను ఇలాంటి మనిషికి ఇచ్చినందుకు కన్నీళ్లు వస్తున్నాయంటాడు. బావ గరిటె తిప్పుతూ, పెళ్లిలో తనకు పెట్టిన వాచీ అదే రోజు ఆగిపోయిన సంగతి ఎత్తుతాడు. ఈ పోట్లాట మధ్యలో వంట దానంతటది అయిపోతుంది. చిరంజీవి పడీ పడీ నవ్వాడు. అన్నిటికన్నా అతనికి నచ్చింది వాళ్ల కొలత. తగినంత అన్న మాటే లేదు. ఉప్పు ఇన్ని దోసిళ్లు, నూనె ఒక డబ్బా, బియ్యం దగ్గర బావ "బస్తా మొత్తం గుమ్మరియ్యి బామ్మర్దీ" అని ఖచ్చితంగా చెబుతాడు. ఇంత స్పష్టంగా చెప్పే గురువు దొరికాక ఇంకెవరూ అక్కర్లేదనుకుని, చిరంజీవి వాళ్ల బగారా అన్నం, కోడికూర వీడియో మళ్లీ మళ్లీ చూశాడు. ప్రతిసారీ మూత పెట్టి దమ్ వేసేదాకా చూసి ఆపేశాడు. ఆ తర్వాత మిగిలింది తినడమే. తినడం ఒకరు నేర్పాల్సిన పని కాదు కదా అని అతని లెక్క.

బస్తా బియ్యం విషయంలో అతనికి అనుమానం రాలేదని కాదు. వెళ్లి రామాంజులును అడిగాడు. రామాంజులు మంచం మీద పడుకునే ఫోన్లోకి తొంగిచూసి, ఆ ఉల్లిపాయ ఇంకా ఎర్రగా వేగాలని, బావకు తొందరెక్కువని అన్నాడు. వెంటనే నాలుక కరుచుకుని, తనకేమీ తెలియదన్నాడు.

"అన్నా, సగమే జేస్తె ఉప్పు గుడ సగమే ఎయ్యాల్నా?"

"ఏసుకో."

"మరి మంట గుడ సగమే పెట్టాల్నా? టైము గుడ సగమేనా?"

"ఏందబ్బీ నీ గోల, నాకేం తెలుచ్చాది," అని రామాంజులు గోడ వైపు తిరిగి పడుకున్నాడు.

సాయంత్రం భార్య గంగామణి ఫోన్ చేసింది. ఆవిడ ఊళ్లో పదిమందికి వండిపెట్టగలిగిన మనిషి. అడిగితే అన్నీ విడమరిచి చెప్పేది. కానీ తెలియదని చెప్పకూడదన్న మంత్రం పెళ్లానికి కూడా వర్తిస్తుందని చిరంజీవి అనుకున్నాడు. పైగా తనను వంట మాస్టరుగా పెట్టుకున్నారని అప్పటికే చెప్పేశాడు. అందుకని చుట్టు తిప్పి, నలుగురికైతే బియ్యం ఎంత పోస్తారో ఊరికే అడిగాడు.

"నలుగురంటె ఎవ్వలు? దుబాయ్ షేకులా?" అంది గంగామణి. ఆవిడకు ఖతరైనా, కువైట్ అయినా దుబాయే. "వాళ్ల నలుగురు మన నలుగురు అయితరా? తక్కువ వడ్తె ఇజ్జత్ వోతది. మిగిలితె ఎవ్వలేమంటరు?"

ఆ మాటలో న్యాయం ఉందనిపించింది. కిందటి పండక్కి ఈ తోటలోనే ఒక పళ్లెం అతను కళ్లారా చూశాడు. పళ్లెం అంటే ఇద్దరు మోసుకొచ్చేది. దాంట్లో గుట్టలా అన్నం, అన్నం మీద కాళ్లు ముడుచుకుని పడుకున్న పూర్తి గొర్రె. చుట్టూ కూర్చున్నది ఐదారుగురు. ఈ ఇంట్లో నలుగురు అంటే బస్తానే అయివుంటుందని చిరంజీవి మనసు కుదుటపరచుకున్నాడు. రామాంజులును బండి వేసుకుని వెళ్లి కోళ్లు తెమ్మన్నాడు. పొద్దున ఉన్న రోడ్డు సాయంత్రానికి ఉండని కాలం కాబట్టి, రామాంజులు డైవర్షన్ బోర్డులను తిట్టుకుంటూ తిరిగి తిరిగి, కోళ్ల పెట్టెలతో బాగా చీకటి పడ్డాక వచ్చాడు.

శుక్రవారం తెల్లవారగానే చిరంజీవి స్టోరులోంచి పండగలకు వండే పెద్ద గిన్నె, డేగిశాను దొర్లించుకుంటూ బయటికి తెచ్చాడు. వంటింటి పొయ్యి మీద అది కూర్చోదు. పెరట్లో సిమెంటు ఇటుకలు పేర్చి, ఎండిన ఖర్జూరం మట్టలు మంటపెట్టాడు. పాత పెట్టెలోంచి రోడ్ల పనిలో వాడిన కళ్లద్దాలు తీసి పెట్టుకుని, బకెట్టు నిండా ఉల్లిగడ్డలు కోశాడు. కన్నీరు రాకుండా ఇంత పని చేసినందుకు తన తెలివికి తనే మురిసిపోయాడు. ఫోనును ఖర్జూరం చెట్టు బెరడులో ఇరికించి, బావ గరిటె తిప్పితే గరిటె తిప్పాడు, బామ్మర్ది దోసిలి పడితే దోసిలి పట్టాడు. మధ్యలో నెట్టు ఆగిపోయి బావ చెయ్యి కారం డబ్బా మీద అలాగే నిలిచిపోయింది. ఇంకా పోయమంటున్నాడో, చాలంటున్నాడో తేలక, చిరంజీవి మరో డబ్బా పోశాడు. ఒక మేక వచ్చి కొత్తిమీర మొత్తం తినేసి వెళ్లింది. పొగ మాత్రం తాడిచెట్టంత ఎత్తున నిటారుగా లేచింది.

ఆ పొగ చూసి గోడ అవతల ఒక తల పైకి వచ్చింది. అది ఇక్రాముద్దీన్ తల. నిజామాబాద్ మనిషి, పక్క తోటలో డ్రైవరు. ఆ తోట అబూ జాసిమ్ అన్నగారు అబూ రాషిద్‌ది. రెండు తోటల మధ్య గోడకు ఒక తలుపు ఉంది, తలుపుకు తాళం ఉంది, తాళానికి తుప్పు ఉంది. అన్నదమ్ములకు చాలా ఏళ్లుగా మాటల్లేవు. దానికి కారణం ఫుట్‌బాల్. ప్రపంచ కప్పు ఏ దేశానికి ఇస్తారో ప్రకటించబోయే రోజు అబూ రాషిద్ నిండు సభలో కూర్చుని, ఇంత చిన్న దేశానికి ప్రపంచ కప్పేమిటని, అదే గనక వస్తే తమ్ముడి మేకల కొట్టంలో కూర్చుంటానని అన్నాడు. వచ్చింది. అంతటితో నవ్వి ఊరుకుంటే సరిపోయేది. అబూ జాసిమ్ మర్నాడు పొద్దున్నే అన్నగారింటికి ఒక మోపు పచ్చగడ్డి పంపించాడు. అదే రోజు తలుపుకు తాళం పడింది. అప్పటి నుంచి లుసైల్ వైపు స్టేడియం క్రేన్లు లేచిన కొద్దీ అబూ రాషిద్ మూతి మరింత బిగుసుకుంటూ వచ్చింది.

ఇక్రాముద్దీన్ గోడ మీద గడ్డం ఆనించి, ఇదంతా దావతా అని అడిగాడు. సరిగ్గా ఆ క్షణంలో ఫోన్లో బావ, ఇప్పుడు చెయ్యి ఆపితే అడుగంటుతుందని హెచ్చరిస్తున్నాడు. చిరంజీవి తల ఎత్తకుండానే "ఆ" అన్నాడు.

"గింత పెద్దగనా? అయితె మా బాబాను గుడ పిలుస్తున్నరా?"

"ఆ."

"అంటె అన్నదమ్ములు కలుస్తున్నరన్నట్టు."

"ఆ, ఆ," అన్నాడు చిరంజీవి గరిటె తిప్పుతూ. గోడ మీద తల మాయమైంది.

అవతల ఏం జరిగిందో తర్వాత ఇక్రాముద్దీనే చెప్పాడు. తమ్ముడు పిలిచాడనగానే అబూ రాషిద్ తాగుతున్న కహ్వా కాఫీ కప్పు ఉన్నపళంగా కింద పెట్టేశాడట. పెద్దవాడు తనంతట తాను ముందు వెళ్లకూడదు, చిన్నవాడు పిలవడు. ఆ పట్టుదలతో ఇన్నేళ్లు గడిచాయి. ఇప్పుడు పిలుపు వచ్చింది. ఇలాంటి కలయికకు ఒక్కడే వెళ్తే బాగుండదని ఆయన అల్ ఖోర్‌లో ఉన్న బాబాయికి ఫోన్ చేశాడు, వక్రాలో ఉన్న మేనల్లుళ్లకు చేశాడు, కొడుకులను లేపాడు. ప్రతివాళ్లూ ఇంకొకరికి చెప్పారు. నమాజు అయ్యేసరికి ఆ వంశంలో ఈ సంగతి తెలియనివాడు ఒక్క అబూ జాసిమే.

చిరంజీవి పక్క పొయ్యి మీది కోడికూర దించి, అన్నం డేగిశాకు మూత పెట్టి, మూత మీద నిప్పులు పరిచి, పని అయిపోయిందని చతికిలబడ్డాడు. ఫోను ఆపుదామంటే చేతులకు మసాలా ఉంది. అందువల్ల మొదటిసారి ఆ వీడియో చివరిదాకా నడిచింది. కాలువ గట్టున ఎద్దుల బండి వచ్చింది. బావా బామ్మర్దులు డేగిశాను బండికెక్కించారు. బండి ఊళ్లో బడి ముందు ఆగింది. బడి వరండాల నిండా, ఆ తర్వాత మైదానం నిండా బారులు తీరి పిల్లలు కూర్చున్నారు. బామ్మర్ది నుదురు తుడుచుకుని, బడి మొత్తానికి సరిపోయింది బావా అన్నాడు.

చిరంజీవి డేగిశా వైపు చూశాడు, మళ్లీ ఫోను వైపు చూశాడు. నలుగురు. అందులో ఒకావిడ ముసలావిడ. ఇంత తిండి పాడు చేసినవాణ్ణి ఏ యజమానీ వంటవాడిగా పెట్టుకోడు. తారు వాసన అప్పుడే ముక్కుకు తగిలినట్టయింది. పరిగెత్తి రామాంజులును లేపాడు. సగమైనా ఎక్కడో దాచాలన్నాడు. ఇద్దరూ నీళ్ల డ్రమ్ములు కడగడం మొదలుపెట్టారు. అప్పుడే గోడ దగ్గర సుత్తి దెబ్బలు వినిపించాయి. తుప్పు పట్టిన తాళం తెగి కింద పడింది. తలుపు కిర్రుమంటూ తెరుచుకుంది.

ముందు అబూ రాషిద్ వచ్చాడు. వెనక తెల్లటి దుస్తుల్లో పెద్దలు, ఆ వెనక యువకులు, వాళ్ల చేతుల్లో ఖర్జూరం పళ్లేలు, కహ్వా కూజాలు. ఇటు రోడ్డు వైపు గేటు ముందు పెద్ద పెద్ద కార్లు ఆగుతూనే ఉన్నాయి. చిరంజీవి చేతిలో డ్రమ్ము జారిపోయింది. క్షణం కిందట తిండి ఎక్కువైందని వణికిపోయిన మనిషి, ఇప్పుడు చాలుతుందో లేదోనని వణికాడు. రామాంజులు మాత్రం ఎవరేం అడిగినా మాఫీ మాలూమ్ అంటూ, చాపలు తెచ్చే మిషతో తప్పుకున్నాడు.

అబూ రాషిద్ సూటిగా చిరంజీవి దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. పెద్ద మనిషి, నెరిసిన గడ్డం. తనను పిలవమని తమ్ముడే స్వయంగా చెప్పాడా అని మెల్లగా అడిగాడు. ఆ ముఖం చూసి కాదనడానికి చిరంజీవికి మంత్రం అడ్డం రాలేదు, మనసు అడ్డం వచ్చింది. "ఆ బాబా," అన్నాడు.

ఇంతకీ అబూ జాసిమ్ జాడ లేదు. ఆయన తల్లిని, భార్యను, కొడుకును ఎక్కించుకుని సమయానికే బయలుదేరాడు. కానీ ఉమ్ సలాల్ మలుపు ఆ పొద్దున్నే మూసేశారు. బాణం గుర్తు చూపించినట్టల్లా వెళ్తే, ఆయన కారు స్టేడియం చుట్టూ తిరిగి తిరిగి అక్కడికే వచ్చింది. చివరికి తోట చేరేసరికి గేటు ముందు కార్ల వరస. తన ఇంటి ముందు తనకు తెలియకుండా వంశమంతా చేరిందంటే ఏదో కీడు జరిగిందనే ఎవరికైనా తోస్తుంది. ఆయన కారు నడిరోడ్డులోనే వదిలేసి, చెప్పులు కూడా జారిపోతుండగా లోపలికి పరిగెత్తాడు. ఎదురుగా ఖర్జూరం చెట్టు కింద అన్నగారు నిలబడి ఉన్నాడు.

అన్నదమ్ములు ఒకరినొకరు చూసుకున్నారు. తలుపు దగ్గర మనవడి చెయ్యి పట్టుకుని తల్లి నిలబడింది. అప్పుడు అబూ రాషిద్ వెనక్కి తిరిగి, మేకల కొట్టం వైపు నడిచాడు. దడి తలుపు తీశాడు. ఇస్త్రీ చెక్కుచెదరని ఆ తెల్లటి దుస్తులతోనే లోపల గడ్డి మోపు మీద కూర్చున్నాడు. మేకలు ఆయన్ని వాసన చూశాయి.

"నా మాట నేను నిలబెట్టుకున్నాను," అన్నాడు ఆయన. "ఇక నాకు అన్నం పెడతావా?"

అబూ జాసిమ్ దడి మీదుగానే దూకి అన్నగారిని లేపి కావలించుకున్నాడు. తల్లి నేల మీదే కూలబడి ఏడ్చింది. బాబాయిలు ఏడ్చారు. అరబ్బీ మాటలు సగమే అర్థమైన చిరంజీవి కూడా ఏడ్చాడు. ఇప్పుడు కళ్లద్దాలు ఉన్నా లాభం లేకపోయింది.

వడ్డన మొదలైంది. నిజం చెప్పుకోవాలంటే, ఆ బగారా అన్నం పైన పొర చప్పగా ఉంది, అడుగు పొర మాడింది, నడి పొర మాత్రం అమోఘంగా కుదిరింది. ఎవరికి ఏ పొర వచ్చిందో వాళ్ల అదృష్టం. మాడు వాసనను అతిథులు కావాలని పట్టించిన పొగ అనుకుని మెచ్చుకున్నారు. కోడికూరలో రెండో డబ్బా కారం తన పని తాను చేసింది. ముద్ద నోట్లో పెట్టుకున్నవాడల్లా కన్నీళ్లు పెట్టుకున్నాడు. అది అన్నదమ్ములు కలిసిన సంతోషమో, జగిత్యాల కారమో ఎవరూ తేల్చలేదు. పక్కవాడు ఏడుస్తుంటే తాను ఏడవకపోవడం మర్యాద కాదని మిగతావాళ్లూ ఏడుస్తూనే మారు వడ్డించుకున్నారు. డేగిశా ఖాళీ అయింది.

తిన్నాక అబూ జాసిమ్ చిరంజీవిని చెట్టు పక్కకు పిలిచాడు. ఆయన కళ్లు ఇంకా ఎర్రగానే ఉన్నాయి. తన అన్నను పిలవమని తాను ఎప్పుడు చెప్పానని అడిగాడు. ఏదో ఒక 'ఆ' చెప్పి గట్టెక్కడానికి చిరంజీవి నోరు అలవాటుగా సిద్ధపడింది. కానీ పొద్దుటి నుంచి తను అన్న 'ఆ'లన్నీ ఆ పెరట్లో బారులు తీరి కూర్చుని కనిపిస్తున్నాయి. ఇంకొక్కటి చేర్చే ధైర్యం అతనికి లేకపోయింది.

"నువ్వు చెప్పలేదు బాబా," అన్నాడు.

ఆ తర్వాత ఆపుకోలేక, వచ్చీ రాని అరబ్బీలో, హిందీలో మొత్తం చెప్పేశాడు. వంట రాదన్నాడు, ఫోను చూసి చేశానన్నాడు, గోడ మీద తల వచ్చిందన్నాడు. రుజువుగా వీడియో చూపించాడు. అబూ జాసిమ్‌కు ఒక్క ముక్క తెలుగు రాదు. అయినా బావా బామ్మర్దులు పోట్లాడుకుంటుంటే చూస్తూ, ముందు పెదవి బిగించాడు, తర్వాత భుజాలు కదిలాయి, ఆ తర్వాత చెట్టుకు చెయ్యి ఆనించి గట్టిగా నవ్వాడు. కళ్లు తుడుచుకుని, తన తల్లికి ఈ వంట నచ్చిందని, వచ్చే శుక్రవారం నలుగురికి మాత్రమే ఇదే చేసిపెట్టమని అన్నాడు. నలుగురికి చెయ్యడం తెలుసు కదా అని అడిగాడు.

గల్ఫ్‌కు వచ్చాక చిరంజీవి నోట ఎన్నడూ రాని మాట అప్పుడు వచ్చింది. "మాఫీ మాలూమ్ బాబా. నలుగురికి నాకు రాదు. గింతమందికైతెనే వస్తది." చెప్పి తల దించుకున్నాడు. రోడ్ల కంపెనీ బస్సు ఎన్నింటికి వస్తుందో అడగాలా వద్దా అని ఆలోచిస్తున్నాడు.

కుర్చీలో కహ్వా తాగుతున్న ముసలావిడ, వాడేమంటున్నాడని కొడుకును అడిగింది. కొడుకు చెప్పాడు. ఆవిడ కప్పు పక్కన పెట్టి, ఒకసారి పెద్ద కొడుకును, ఒకసారి చిన్న కొడుకును, తెరిచి ఉన్న గోడ తలుపును చూసింది. వంటవాడికి నలుగురికి వండటం రాకపోతే మనమేం చేస్తాం, ఇకనుంచి ప్రతి శుక్రవారం అందరూ రావాల్సిందేనంది. పనివాడి ఇబ్బంది కూడా చూడాలి కదా అంది. అబూ రాషిద్ ఏదో గొణగబోయాడు గానీ, ఆయన దుస్తుల అంచుకు ఇంకా గడ్డి అంటుకునే ఉంది. అలా చిరంజీవి ఉమ్ సలాల్‌లోనే, ఏసీ గదిలోనే, మేకల మధ్యనే, వంట మాస్టరుగా ఉండిపోయాడు.

శనివారం పొద్దున ఒక చిక్కు వచ్చిపడింది. శుక్రవారం దాకా తోటలో తినేది మళ్లీ ఇద్దరే. చిరంజీవి ఒక ఉల్లిగడ్డ ముందు పెట్టుకుని, దానికి బస్తాలో ఎన్నో వంతు బియ్యం పోయాలో తేలక దిగులుగా కూర్చున్నాడు. మళ్లీ ఖుబూస్, పెరుగేనని అర్థమైన రామాంజులు నిట్టూర్చి, చేతులు కడుక్కుని, కత్తి తీసుకున్నాడు. ఉల్లిగడ్డ కళ్ల ముందే దారాల్లా రాలిపోయింది. నూనెలో ఆవాలు చిటపటమన్నాయి. పొయ్యి దగ్గర అతను నిలబడ్డ తీరు చూసి చిరంజీవి నోరు తెరిచాడు.

"అన్నా, నీకు వంటొస్తదా?"

"రాయచోటిలో హోటల్లో మాస్టర్నబ్బీ," అన్నాడు రామాంజులు పప్పులో ఉప్పు సరిచూస్తూ. "గట్టిగా అనొద్దు. ఎవురన్నా ఇంటారు."

ఇప్పటికీ శుక్రవారం తప్ప ఆ తోటలో పొయ్యి ముందు నిలబడేది రామాంజులే, ఎవరైనా అడిగితే మాత్రం తనకు టీ పెట్టడం కూడా రాదంటాడు.